కడిగితే సరిపోతుందా? మంచినీటి పడవతో ఉప్పునీటికి వెళ్ళేవారి కోసం

హ్యూస్టన్‌లో ఉండే ఒక మిత్రుడు ఈ మధ్య పాత అల్యూమినియం పడవ కొన్నాడు. వెనక బయటివైపు తగిలించిన అవుట్‌బోర్డ్ ఇంజను, కింద రంగు వేసిన ఇనుప ట్రెయిలరు ఉన్న మామూలు చేపల పడవ అది. పాత యజమాని దాన్ని లేక్ కాన్రోలో తప్ప మరెక్కడా నీళ్ళలోకి దింపలేదు. హ్యూస్టన్‌కు ఉత్తరాన మంచినీటి జలాశయాలు ఉన్నట్టే దక్షిణాన గాల్వెస్టన్ అఖాతం ఉంది. రెడ్‌ఫిష్ కోసమో ఫ్లౌండర్ చేపల కోసమో అక్కడికి వెళ్ళాలని ఇక్కడ పడవ ఉన్నవారందరికీ ఎప్పుడో ఒకప్పుడు అనిపిస్తుంది. మా మిత్రుడికీ అనిపించి, తెలిసినవాళ్ళను అడిగితే అందరూ ఒకే మాట చెప్పారట: "ఏం కాదండీ, ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడిగేస్తే సరిపోతుంది." 

ఈ మాటలో అబద్ధం లేదు కానీ, దీన్ని నమ్ముకుని బయల్దేరినవారి పడవలు పాడవడం నేను చూశాను కాబట్టి దీని గురించి వివరంగా రాయాలనిపించింది. నా అభిప్రాయం ఇది. నీళ్ళ పైపు చేరగలిగిన చోట ఉప్పు వల్ల పెద్ద ప్రమాదం లేదు. ప్రమాదమంతా పైపు చేరలేని చోట్లలోనే ఉంది. ఆ చోట్లు ఏవో తెలుసుకుని ప్రయాణానికి ముందే సరిచేసుకుంటే మంచినీటి పడవను ఏడాదికి కొన్నిసార్లు నిశ్చింతగా సముద్రానికి తీసుకెళ్ళవచ్చు. వాటిని అలాగే వదిలేసి, తిరిగి వచ్చాక ఎంత శ్రద్ధగా కడిగినా ఉప్పు తన పని తాను చేసుకుపోతుంది. చెక్క పడవల సంగతి వేరు కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. చెక్కను కుళ్ళబెట్టేది మంచినీరే. ఉప్పునీరు కుళ్ళును ఆపుతుంది కానీ చెక్కను తొలిచే పురుగును తెస్తుంది. ఇక్కడ నేను చెప్పేది అల్యూమినియం పడవల గురించి. ఫైబర్ పడవల విషయంలో కూడా ఇంజను, ట్రెయిలరు, వైర్లు, బోల్టుల వరకు ఇదే వర్తిస్తుంది.

ఉప్పు ఎప్పుడు పనిచేస్తుంది

నరసాపురం దగ్గర బోటు ఇంజన్లు బాగుచేసే ఒకాయనతో ఆ మధ్య ఫోన్లో మాట్లాడుతూ ఇదే విషయం కదిపాను. అక్కడి బోట్లు గోదావరిలో బయల్దేరి సముద్రంలోకి పోయి వస్తుంటాయి కాబట్టి, ఆయన చేతి కింద రెండు రకాల నీళ్ళూ చూసిన ఇంజన్లు ఎన్నో ఉంటాయి. "ఉప్పునీళ్ళలో తిరిగినంతసేపూ బాగానే ఉంటదండీ, ఒడ్డున పెట్టి వదిలేశాకే తినేస్తది" అన్నాడు. మొదట నాకు ఇది పూర్తిగా నమ్మాలనిపించలేదు. నీళ్ళలో ఉన్నప్పుడే కదా రెండు లోహాల మధ్య విద్యుత్ ప్రవహించేది, ఒకటి రెండోదాన్ని కరిగించేది. తర్వాత గంటలు లెక్కవేసుకుంటే ఆయన మాటలోని పట్టు అర్థమైంది. ట్రెయిలరు మీద తీసుకెళ్ళే పడవ ఉప్పునీటిలో ఉండేది ఒక పూట. ఆ తర్వాత ఇంటి దగ్గర వారాల తరబడి నిలబడి ఉంటుంది. ఆ వారాలన్నీ ఉప్పు తడిగా ఉంటే, నీళ్ళలో గడిపిన ఆరేడు గంటలు దాని ముందు ఏపాటివి?

ఎండిపోయిన ఉప్పు ఏం చేస్తుందని అడగవచ్చు. ఎండిపోదు, అదే చిక్కు. సముద్రపు నీరు ఒక లీటరు ఆవిరైతే దాదాపు 35 గ్రాముల లవణాలు మిగులుతాయి. అందులో ఎక్కువ భాగం మనం కూరలో వేసుకునే ఉప్పే. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఆ ఉప్పు గాలిలోని నీటిని పీల్చుకుని తనంతట తాను కరుగుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. అది కరగడానికి 33 శాతం తేమ చాలు. హ్యూస్టన్‌లో గానీ కాకినాడలో గానీ తెల్లవారుజామున గాలి ఎలా ఉంటుందో అక్కడ ఉన్నవారికి చెప్పనక్కరలేదు. పగలు తెల్లగా, పొడిగా కనిపించిన మరక రాత్రికి మళ్ళీ ఉప్పునీరవుతుంది. ఒక్కసారి సముద్రం చూసి వచ్చిన పడవ మూలల్లో మిగిలిన ఉప్పు ఇలా రోజూ తడుస్తూ ఆరుతూ ఉంటుంది, ఆరే సమయంలో మరింత చిక్కబడుతుంది కూడా.

అల్యూమినియం తుప్పు పట్టదని చాలామంది అనుకుంటారు. గాలి తగలగానే దాని మీద నానోమీటర్లలో కొలిచేంత పలుచని ఆక్సైడ్ పొర ఏర్పడి లోహాన్ని కాపాడుతుంది, మంచినీటిలో ఆ కాపుదల చాలు. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరను అక్కడక్కడ చీలుస్తుంది. చీలిన చోట చిన్న గుంట పడుతుంది. గుంట లోపల నీరు ఆమ్లంగా మారి, పొర మళ్ళీ ఏర్పడకుండా అడ్డుకుంటుంది. అందువల్ల గుంట వెడల్పు పెరగకుండా లోతుకు పోతుంది. పైనుంచి చూస్తే ఆవగింజంత తెల్లని మచ్చ ఉంటుంది, దాన్ని గోటితో గీకితే కింద రేకు సగం మందం పోయి ఉంటుంది.

ట్రెయిలరు మీద కార్పెట్ ముక్క

హ్యూస్టన్ పక్కన క్యాటీలో ఉండే ఒక పెద్దాయన పడవను ఎంత శుభ్రంగా ఉంచేవారో చెప్పడం కష్టం. అఖాతం నుంచి వచ్చిన ప్రతిసారీ వాకిట్లో నిలబెట్టి, సబ్బుతో రుద్ది, లోపలా బయటా కడిగి, తుడిచి పెట్టేవారు. పడవ పక్కలు కొత్తదానిలా మెరిసేవి. ట్రెయిలరు మార్చాల్సి వచ్చి పడవను పైకెత్తిన రోజు సాయం పట్టడానికి నేను కూడా వెళ్ళాను. పడవ అడుగున, ట్రెయిలరు మీది రెండు పొడుగాటి చెక్కల మీద ఆనే చోట, ముందు నుంచి వెనక దాకా రెండు పట్టీల వెడల్పున గుంటలు పడి ఉన్నాయి. చేత్తో తడిమితే ఇసుక కాగితంలా తగిలింది, కొన్ని చోట్ల తెల్లని పొడి వేళ్ళకు అంటుకుంది. ఆ రెండు పట్టీలు తప్పిస్తే మిగతా అడుగంతా నున్నగా ఉంది. "ఇంత కడిగానే బాబూ, ఎక్కడ తేడా వచ్చింది?" అని ఆయన అడిగారు.

ఆ చెక్కలను ఇక్కడ బంకులు అంటారు. పడవ రేకు గీసుకుపోకుండా వాటికి కార్పెట్ చుడతారు. ర్యాంపు దగ్గర ట్రెయిలరును నీళ్ళలోకి దింపినప్పుడు ఆ కార్పెట్ ఉప్పునీటిని పీల్చుకుంటుంది. రెండు బంకులూ కలిసి రెండు లీటర్లు పీల్చుకున్నాయనుకుంటే అందులో 70 గ్రాముల ఉప్పు ఉన్నట్టు లెక్క. పడవ బరువంతా దాని మీద ఉండడం వల్ల పైపు నీళ్ళు కార్పెట్ అంచులను తడుపుతాయి తప్ప మధ్యకు చేరవు. దీనికి తోడు ఆ చెక్క నీటికి పాడవకుండా మందు పట్టించిన కలప, ఆ మందులో రాగి ఉంటుంది. అమెరికాలో 2003 చివరి వరకు ఇళ్ళ పనులకు వాడే కలపలో రాగి, క్రోమియంలతో పాటు ఆర్సెనిక్ కూడా ఉండే మందు వాడేవారు. ఆ తర్వాత ఆర్సెనిక్ మానేసి, రాగి పాలు ఎక్కువగా ఉన్న మందుల వైపు వెళ్ళారు. మనుషులకు ఇది మంచిదే. అల్యూమినియానికి మాత్రం తడిసిన రాగి లవణాల కన్నా పెద్ద శత్రువు లేదు. ఉప్పునీరు, రాగి, గాలి ఆడని సందు, తీరిక లేని తేమ అన్నీ కలిసి పడవ అడుగున వారాల తరబడి అదుముకుని కూర్చున్నాయి. పెద్దాయన పక్కలను కడిగినంతసేపూ పని జరుగుతున్నది కింద.

దీనికి మందు కడగడం కాదు, కార్పెట్ తీసేయడం. బంకు చెక్కల మీద నీటిని పీల్చని గట్టి ప్లాస్టిక్ పట్టీలు బిగించుకోవచ్చు. అవి నున్నగా ఉంటాయి కాబట్టి పడవ ర్యాంపు మీద తొందరగా జారిపోయే ప్రమాదం ఉంది. నీళ్ళలోకి చేరేవరకు పడవ ముందు భాగాన్ని పట్టి ఉంచే కొక్కేన్ని విప్పకూడదు. పట్టీలు బిగించే మరల తలలు లోపలికి దిగి ఉండాలి. ఇదే తర్కం పడవ లోపలికీ వర్తిస్తుంది. పాత పడవల్లో నేలగా పరిచిన మందు పట్టించిన ప్లైవుడ్ అల్యూమినియం పక్కటెముకలకు నేరుగా తగులుతూ ఉంటే, ఉప్పునీటికి వెళ్ళే ముందే దాన్ని మార్చాలి.

ఉప్పు పోయిందో లేదో కంటితో చూసి చెప్పలేం. నేను ఇంట్లో ఆర్.ఓ. నీళ్ళు పరీక్షించే చవకైన టీడీఎస్ మీటరును, అంటే నీటిలో కరిగిన లవణాలను కొలిచేదాన్ని, దీనికి వాడతాను. ముందు కుళాయి నీటి అంకె చూసుకుని, తర్వాత పడవ పక్కల నుంచి కారే నీటిని ఒక గ్లాసులో పట్టి చూస్తే కొద్దిసేపటికే రెండూ దాదాపు సమానమవుతాయి. అదే కార్పెట్ బంకు చివర నుంచి కారే చుక్కలను పట్టి చూస్తే, చేతులు నొప్పిపుట్టేదాకా కడిగాక కూడా అంకె కుళాయి నీటికి ఎన్నో రెట్లు ఉంటుంది. కడగడం మీద నాకున్న నమ్మకాన్ని తగ్గించింది పుస్తకాలు కాదు, ఆ అంకె.

రెండు లోహాలు కలిసే చోటు

బ్రిటిష్ నౌకాదళం 1761లో హెచ్.ఎం.ఎస్. అలార్మ్ అనే ఓడ అడుగుకు పురుగు పట్టకుండా రాగి రేకులు తాపడం చేయించింది. ఆ తర్వాత ఓడను పరీక్షిస్తే రాగి చెక్కుచెదరలేదు కానీ, దాన్ని పట్టి ఉంచాల్సిన ఇనుప మేకులు చాలా చోట్ల తినేసుకుపోయి ఉన్నాయి. కొన్ని మేకులు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. రాగి రేకులు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితం ముక్కలు ఆ మేకులకూ రాగికీ మధ్య పొరపాటున మిగిలిపోయాయి. ఆ కాగితం పొరే వాటిని కాపాడింది.

మన పడవల్లో ఆ ఇనుప మేకుల స్థానం అల్యూమినియానిది. పడవకు గాలం కడ్డీలు నిలబెట్టే గొట్టాలు, తాళ్ళు కట్టే కొక్కేలు, చేపల జాడ చూపే సోనార్ పలక ఇవన్నీ స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులతోనే అల్యూమినియానికి బిగిస్తారు. లేక్ కాన్రో నీటిలో ఈ జోడీ ఏళ్ళ తరబడి గొడవ లేకుండా ఉంటుంది, ఎందుకంటే మంచినీటి గుండా విద్యుత్ అంత తేలిగ్గా ప్రవహించదు. సముద్రపు నీరు అంతకు వంద రెట్లు, ఇంకా ఎక్కువే ప్రవహింపజేస్తుంది. అప్పుడు బోల్టు నిలుస్తుంది, బోల్టు చుట్టూ ఉన్న అల్యూమినియం కరుగుతుంది. రంగు వేసిన పడవలో మొదట కనిపించేది బోల్టు చుట్టూ రంగు పొక్కులా ఉబ్బడం. పొక్కు చిదిపితే లోపల తెల్లని పిండి ఉంటుంది. బోల్టు తీసి, కింద నైలాన్ వాషరు పెట్టి, మరలకు లానోలిన్ గ్రీజు గానీ ఈ పనికే అమ్మే ముద్ద గానీ పూసి మళ్ళీ బిగించడం ఒక మధ్యాహ్నం పని. నీటిలో మునిగే బోల్టులు, నీళ్ళు చిందే బోల్టులు, ఎప్పుడూ తడవనివి అని విడదీసుకుని మొదటి రెండు రకాలతో మొదలుపెట్టాలి. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో కూడా 316 రకం ఉప్పుకు తట్టుకున్నంతగా 304 తట్టుకోదు. మంచినీటి పడవలకు చవకగా బిగించే జింక్ పూత ఇనుప మరలైతే వెంటనే తీసేయాల్సినవే.

పడవ అడుగున నీరు చేరే గుంటలో పడిపోయిన రాగి నాణెం, తెగిన రాగి తీగ ముక్క, చేపల గాలానికి కట్టే సీసపు గుండు లాంటివి కూడా రేకుకు చిల్లు పెట్టగలవు. ఉప్పునీటికి వెళ్ళే ముందు ఆ గుంటను చేత్తో తడిమి ఖాళీ చేయడం నాకు అలవాటు. ఓడల అడుగున నాచు, బర్నకిల్స్ పట్టకుండా వేసే రంగుల్లో చాలావాటిలో రాగే ఉంటుంది. సాయంత్రానికి ఒడ్డుకు తెచ్చుకునే పడవకు ఆ రంగు అసలు అక్కరలేదు, అల్యూమినియం మీద రాగి రంగు వేయడం చేజేతులా గుంటలు తవ్వుకోవడమే.

ముందు కరగాల్సిన ముక్క

యానోడ్ల గురించి అందరికీ కొంత తెలుసు. ఇంజను కంటే ముందుగా తాను కరిగిపోయే లోహపు ముక్క అది. రాగి తాపడాన్ని ఇలా ఇంకో లోహంతో కాపాడవచ్చని రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ 1824లో చూపించాడు. చాలామంది గమనించని విషయం ఏమిటంటే నీటిని బట్టి ఆ ముక్క మారాలి. మంచినీటికి మెగ్నీషియం, ఉప్పునీటికి జింక్ లేదా అల్యూమినియం మిశ్రమం, రెండూ కలిసిన నీటికి అల్యూమినియం మిశ్రమం వాడతారు. మంచినీటిలో మాత్రమే తిరిగిన పడవ ఇంజనుకు మెగ్నీషియం ముక్క ఉండే అవకాశం ఉంది. దాన్ని అలాగే ఉప్పునీటిలోకి దింపితే రెండు నష్టాలు. ఒకటి, అది కళ్ళముందే తరిగిపోయి, అయిపోయాక ఇంజను అడుగుభాగానికి కాపుదల లేకుండా పోతుంది. రెండోది, మెగ్నీషియం జింక్ కంటే దాదాపు అర వోల్టు బలంగా పనిచేస్తుంది. ఉప్పునీటిలో ఆ బలం అవసరానికి మించిపోయి, కాపాడాల్సిన అల్యూమినియం పక్కనే నీరు క్షారంగా మారి, రంగు లేచిపోతుంది, ఒక్కోసారి లోహమే దెబ్బతింటుంది.

జింక్ వేసుకుంటే పోలేదా అంటే, మళ్ళీ మంచినీటికి వెళ్ళినప్పుడు జింక్ మీద గట్టి పెచ్చు కట్టి అది పనిచేయడం మానేస్తుంది. ఆ పెచ్చుతోనే తర్వాతిసారి సముద్రానికి వెళితే కాపుదల ఉందనుకుంటాం కానీ ఉండదు. అటూ ఇటూ తిరిగే పడవకు అల్యూమినియం మిశ్రమపు యానోడ్లే సరైనవని నా గట్టి అభిప్రాయం. దాంట్లో సుమారు 5 శాతం జింక్, అతి కొద్దిగా ఇండియం కలిపి ఉంటాయి. ఆ ఇండియం వల్లే దాని మీద ఆక్సైడ్ పొర నిలవకుండా ముక్క కరుగుతూ ఉంటుంది. అందంగా ఉంటుందని యానోడ్ మీద రంగు వేసేవారున్నారు. రంగు వేసిన యానోడ్ ఉన్నా లేనట్టే. బిగించే చోట లోహానికి లోహం తగలాలి. సగం కరిగాక మార్చేయాలి. ఉప్పునీటిలో చాలాసార్లు తిరిగాక కూడా అది కొత్తదానిలా ఉంటే సంతోషించాల్సిన పని లేదు, ఎక్కడో తీగ తెగిందనో, కింద తుప్పు అడ్డుపడుతోందనో అర్థం. దాని బదులు ఇంకేదో కరుగుతోంది.

ఇంజను, ట్రెయిలరు

ఇంజను విషయంలో మాత్రం కడగడమే మందు. నీటితో చల్లబడే అవుట్‌బోర్డ్ ఇంజను లోపలి దారుల్లో ఉప్పు మిగిలితే పేరుకుని ఆ దారులు పూడిపోతాయి. ఇంజను కింద రెండు పక్కలా నీరు పీల్చుకునే రంధ్రాలకు రబ్బరు గిన్నెలు తగిలించి, పైపు తిప్పి, న్యూట్రల్‌లో పది పదిహేను నిమిషాలు నడపాలి. అంతసేపు ఎందుకంటే, ఇంజను వేడెక్కి థర్మోస్టాట్ తెరుచుకునేవరకు మంచినీరు లోపలి దారులన్నిటికీ చేరదు. రెండు నిమిషాలు తిప్పి ఆపేసినవారు సగం ఇంజనునే కడిగినట్టు. నీళ్ళు రాకుండా ఇంజను తిప్పితే నీటిని లోపలికి తోసే రబ్బరు ఇంపెల్లర్ క్షణాల్లో కాలిపోతుంది. కొన్ని ఇంజన్లకు కడిగే రంధ్రం వేరే ఉంటుంది, దాంతో కడిగేటప్పుడు ఇంజను ఆపి ఉంచాలని కంపెనీలు చెబుతాయి, మాన్యువల్ చూసుకోవాలి. పైనుంచి ప్రెషర్ వాషరుతో కొట్టడం నాకు నచ్చదు. ఆ ఒత్తిడికి ఉప్పు సీళ్ళ లోపలికి, వైర్ల కీళ్ళలోకి ఇంకా లోతుగా పోతుంది.

నిజానికి అన్నిటికంటే ముందు పోయేది పడవా కాదు, ఇంజనూ కాదు, ట్రెయిలరు. రంగు వేసిన ఇనుప గొట్టాల లోపలికి ర్యాంపు దగ్గర ఉప్పునీరు నిండుతుంది, లోపల రంగు ఉండదు. హైవే మీద గంటసేపు వచ్చిన చక్రాల హబ్‌లు వేడిగా ఉంటాయి. వచ్చీ రాగానే వాటిని చల్లని నీటిలో ముంచితే లోపలి గాలి కుంచించుకుని, సీలు పక్కనుంచి నీటిని లాక్కుంటుంది. ఉప్పునీరు బేరింగుల్లోకి పోయేది అలాగే. ర్యాంపు దగ్గర సామాను సర్దుకునే పనులన్నీ ముందు చేసుకుని, హబ్ మీద చెయ్యి ఆనేలా చల్లబడ్డాక దింపడం ఖర్చు లేని జాగ్రత్త. బ్రేకులు ఉన్న ట్రెయిలరైతే డ్రమ్ముల లోపలికి పైపు నీరు పోదు. దానికి చిన్న గొట్టాలు బిగించి లోపలే కడిగే సరంజామా దొరుకుతుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించి వెళ్ళదలిస్తే కరిగిన జింక్‌లో ముంచి తీసిన గాల్వనైజ్డ్ ట్రెయిలరు కొనుక్కోవడమే నయమని మా మిత్రుడికి చెప్పాను. పడవ కంటే ట్రెయిలరు మీద ఎక్కువ ఖర్చు పెట్టమంటావేమిటని అతను నొచ్చుకున్నాడు. హైవే మీద బేరింగ్ విరిగితే పోయేది డబ్బు ఒక్కటే కాదు కాబట్టి నా మాట నేను మార్చుకోలేదు.

వైర్ల గురించి ఒక్క మాట. మంచినీటి పడవల్లో మామూలు రాగి తీగలు ఉంటాయి. చివర ఎక్కడో ఉప్పు తగిలితే తొడుగు కింద తీగ పొడవునా నల్లబడుతూ పోతుంది. తగరం పూసిన తీగలు, జిగురు ఉన్న ష్రింక్ గొట్టాలు వాడితే ఆ బాధ తప్పుతుంది. అన్నీ ఒకేసారి మార్చలేకపోతే ముందు పడవ అడుగున చేరిన నీటిని తోడే బిల్జ్ పంపు వైర్లు మార్చాలి, ప్రాణం మీదికి వచ్చినప్పుడు పనిచేయాల్సింది అదే.

ఎదురయ్యే వాదనలు

సముద్రంలో రోజూ తిరిగే అల్యూమినియం పడవలు ఎన్ని లేవు, వాటికి లేని బాధ దీనికెందుకు అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 5083, 5086 లాంటి మిశ్రమాలతో వెల్డింగ్ చేసిన పడవలు దశాబ్దాలు సముద్రంలో పనిచేస్తాయి. మంచినీటి పడవల్లో చాలావాటికి వాడే 5052 రేకు కూడా ఉప్పుకు తట్టుకునేదే. కాబట్టి తప్పు రేకుది కాదు. సముద్రం కోసం కట్టిన పడవలో కార్పెట్ ఉండదు, మందు కలప ఉండదు, బోల్టు కింద వాషరు ఉంటుంది, తీగలకు తగరం ఉంటుంది. ఆ తేడాలను తగ్గించుకుంటూ పోవడమే నేను చెబుతున్నది. రివెట్లతో కట్టిన పడవలో రేకుల అతుకుల మధ్య సందు మాత్రం ఎంత చేసినా మిగిలే ఉంటుంది. అక్కడ నా దగ్గర పూర్తి పరిష్కారం లేదు.

ఇంకో వాదన నన్ను కొంత ఆలోచింపజేసింది. సముద్రం నుంచి వచ్చిన మర్నాడు పడవను చెరువుకు తీసుకెళ్ళి ఒక పూట తిప్పితే ఇంజనూ బంకులూ బ్రేకులూ అన్నీ ఒకేసారి కడిగినట్టవుతుంది కదా అంటారు. పైపు కంటే ఇది మెరుగేనని ఒప్పుకోవాలి, పడవ దిగిపోయాక ట్రెయిలరు నీళ్ళలో ఉండగా బంకుల మీద బరువు కూడా ఉండదు. కానీ ఒక నీటిలోని జీవాలను ఇంకో నీటికి మోసుకెళ్ళే పాపం ఇలాంటి ప్రయాణాలదే. టెక్సస్ జలాశయాల్లో జీబ్రా మసల్ అనే చిన్న ఆల్చిప్ప పాకిన తీరు చూశాక 2014 నుంచి మంచినీటి వనరును చేరే ముందూ విడిచే ముందూ పడవలోని నీరంతా ఖాళీ చేయాలని రాష్ట్రం నిబంధన పెట్టింది. చేపలను బతికించి ఉంచే తొట్టి (లైవ్‌వెల్), బిల్జ్, ఇంజను అన్నీ సముద్రం ఒడ్డునే ఖాళీ చేసి, ఇంటి దగ్గర ఒకసారి కడిగి, ఆ తర్వాత చెరువుకు వెళ్ళేవారితో నాకు పేచీ లేదు. కడగడానికి బద్ధకించి చెరువుకు వెళ్ళేవారితోనే పేచీ.

మేం వెళ్ళేది సముద్రానికి కాదు, అఖాతంలో లోపలి మూలకే అనేవారు కూడా ఎక్కువే. గాల్వెస్టన్ అఖాతంలోకి ట్రినిటీ, శాన్ హసింటో నదుల నీరు వస్తుంది కాబట్టి ఉప్పు చోటును బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. 2017లో హార్వీ తుపాను వరద వచ్చినప్పుడు అక్కడ ఉప్పు బాగా పడిపోయి ఆల్చిప్పలు గుట్టలుగా చచ్చిపోయాయి. గోదావరి పాయల్లోనూ వరదల నాడు తియ్యగా ఉన్న నీరే వేసవికి ఉప్పవుతుంది. అయితే పడవ దృష్టిలో సగం ఉప్పు అంటే సగం ప్రమాదం కాదు. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 19 గ్రాముల క్లోరైడ్ ఉంటుంది, తాగునీటికి అమెరికా పర్యావరణ సంస్థ సూచించే పరిమితి పావు గ్రాము. సముద్రంలో మూడో వంతు ఉప్పే ఉన్న నీటిలో కూడా క్లోరైడ్ ఆ పరిమితికి పాతిక రెట్లు ఉంటుంది. క్లియర్ లేక్ కూడా అఖాతంతో కలిసినదే, అక్కడికి వెళ్ళినా ఈ జాగ్రత్తలన్నీ తీసుకోవాల్సిందే.

ఎక్కడ ఆగాలి

ఇంత చేసినా మంచినీటి పడవను రాత్రిపూట ఉప్పునీటిలో వదలకూడదని నేను అంటాను. వారాంతం రెండు రోజులూ చేపలు పట్టాలనుకుంటే రాత్రికి ట్రెయిలరు మీదికి తెచ్చుకోవాలి. మెరీనాలో నెలల తరబడి కట్టి ఉంచడం మరీ ప్రమాదం. అక్కడ ఒడ్డు నుంచి కరెంటు తీసుకునే పడవలన్నీ ఒకే ఎర్తింగ్ తీగతో కలిసి ఉంటాయి, పక్క పడవలోని లోపం మన పడవ అల్యూమినియాన్ని తినగలదు. ఆ తీగ వెంట వచ్చే చిన్న కరెంటును ఆపే గాల్వానిక్ ఐసోలేటర్ పెట్టుకుని దాన్ని కొంత అడ్డుకోవచ్చు కానీ, అంతవరకు వచ్చినవారికి కావలసింది సముద్రం కోసం కట్టిన పడవే. ఏడాదికి ఒక్కసారే వెళ్ళాలనుకునేవారు గైడును మాట్లాడుకుని అతని పడవలో వెళ్ళడం చవక. ఆ రెంటికీ మధ్యలో ఉన్నవారికే ఈ శ్రమంతా పనికొస్తుంది, మా మిత్రుడిలాంటివారు అలా చాలామంది ఉన్నారు.

చివరగా అమ్మకం సంగతి. ఇక్కడ పాత పడవల ప్రకటనల్లో "మంచినీటిలో మాత్రమే వాడినది" అని రాస్తే ధర పెరుగుతుంది. ఒక్కసారి అఖాతానికి వెళ్ళి వచ్చినా ఆ మాట రాయకూడదు. దానికి బదులు ఏ యానోడ్లు ఎప్పుడు మార్చారు, బంకులు ఏం చేశారు, బేరింగులకు గ్రీజు ఎప్పుడు పెట్టారు అన్నది కాగితం మీద ఉంచుకుని కొనేవారికి ఇస్తే సరిగ్గా చూసుకున్న పడవకు గిరాకీ తగ్గదు. కొనేవారు కూడా ఆ ప్రకటనను నమ్మి ఊరుకోకుండా బోల్టుల చుట్టూ రంగు పొక్కులు, ట్రెయిలరు బ్రేకు గొట్టాల మీద తుప్పు, వైర్ల చివర రాగి రంగు చూసుకోవాలి. వీలైతే పడవను బంకుల మీద నుంచి నాలుగంగుళాలు పైకెత్తించి, అడుగున ఆ రెండు పట్టీల వెంట టార్చిలైటు వేసి, చేత్తో తడిమి చూసి బేరం మాట్లాడాలి.